పిల్లికి చెలగాటం... హామ్‌స్టర్‌కు ప్రాణసంకటం!

సాయంత్రం ఆరున్నర. హాల్లో టీవీ మోగుతోంది. వంటింట్లోంచి పోపు వాసన. సోఫా పక్కన స్టూలు మీదున్న పంజరంలో, అప్పటిదాకా కాగితం ముక్కల్లో ముడుచుకుని పడుకున్న హామ్‌స్టర్ కళ్లు తెరిచింది. మీసాలు దులుపుకొంది. చేతుల్తో ముఖం తుడుచుకుని చక్రం ఎక్కింది. గిరగిరా... గిరగిరా!

సరిగ్గా అదే సమయానికి బాల్కనీలో పడుకున్న పిల్లి కూడా ఒళ్లు విరుచుకుంది. మెల్లగా వచ్చి పంజరం ముందు కూర్చుంది. కదలదు, మెదలదు, కన్ను ఆర్పదు. తోక చివర మాత్రం అటూ ఇటూ ఆడుతోంది.

'చూడమ్మా, రెండూ ఎంత ఫ్రెండ్సయిపోయాయో' అంటూ పాప సెల్‌ఫోన్‌లో ఫొటో తీసింది. అమ్మ ముచ్చటపడింది. నాన్న దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అత్తయ్యలూ బాబాయిలూ ఒకటే మెచ్చుకోళ్లు!

పిల్లినీ హామ్‌స్టర్‌నీ కలిపి పెంచుతున్న ఇళ్లలో తరచూ కనిపించే దృశ్యమే ఇది. అందరికీ ముద్దొచ్చే ఆ ఫొటోలో ఒక్కరికి మాత్రం ముద్దుగా ఏమీ అనిపించడం లేదు. చక్రం దిగి గూట్లోకి దూరి బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఆ నూరు గ్రాముల ప్రాణికి.

ఒకప్పుడు పెంపుడు జంతువంటే కుక్క, పిల్లి, మహా అయితే రామచిలక. (చిలకను పంజరంలో పెట్టడం ఇప్పుడు చట్టప్రకారం నేరం. ఆ సంగతి ఇంకా చాలామందికి పట్టడం లేదు.) అపార్టుమెంట్లు పెరిగాక ఇంట్లోకి బుజ్జి ప్రాణులు వచ్చాయి. హామ్‌స్టర్లు, గినీ పిగ్‌లు, తెల్ల ఎలుకలు, చిట్టెలుకలు. మొరగవు, వాకింగ్‌కు తీసుకెళ్లక్కర్లేదు, చిన్న పంజరం చాలు... అని పెట్ షాపులో చెబుతారు. పుట్టినరోజుకు కావాలని పిల్లలు పేచీ పెడతారు. కాదనలేక తెచ్చేస్తారు. ఇంటికొచ్చాక గానీ గుర్తురాదు, గుమ్మంలో ల్యాబ్రడార్ ఉందనీ, మంచం మీద పిల్లి ఉందనీ! 'ఏం ఫర్వాలేదు, మావాడు చీమక్కూడా హాని చెయ్యడు' అనేస్తారు.

చీమకు చెయ్యకపోవచ్చు. ఎలుక సంగతి వేరు.

(కుందేలును కూడా ఈ కోవలోనే వేస్తుంటారు కానీ అది ఎలుకల వర్గం కాదు. పైదవడ ముందు పళ్ల వెనక మరో జత చిన్న పళ్లుంటాయి దానికి. అందుకే 1912లో శాస్త్రవేత్తలు దాన్ని విడదీసి వేరే వర్గంలో పెట్టారు. పిల్లితో, కుక్కతో దాని తంటాలు మాత్రం ఇవే.)

పలితుడు చెప్పిన మాట

మహాభారతం శాంతిపర్వంలో అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుకు ఓ కథ చెబుతాడు. అడవిలో పెద్ద మర్రిచెట్టు. దాని మొదట్లో కలుగులో పలితుడనే ఎలుక, కొమ్మల మీద లోమశుడనే పిల్లి. ఓ రాత్రి పిల్లి వేటగాడి వలలో చిక్కుకుంది. ఎలుక హాయిగా బయటికొచ్చి తిరుగుతుంటే కింద ముంగిస కాపుకాసింది, పైన గుడ్లగూబ పొంచి ఉంది. పిల్లి ఒళ్లోకి దూరితే తప్ప బతికే దారి లేదు. 'నన్ను కాపాడు, నీ వల కొరుకుతా' అంది ఎలుక. ఒప్పందం కుదిరింది. పిల్లి ఒడిలో ఎలుకను చూసి ముంగిసా గుడ్లగూబా తమ దారిన తాము పోయాయి.

పలితుడి తెలివంతా ఆ తరవాతే ఉంది. తాళ్లన్నీ కొరికి ఒక్కటి మాత్రం వదిలేశాడు. తెల్లారి వేటగాడు దగ్గరికొచ్చాక గానీ దాన్ని తెంపలేదు. ఆ క్షణంలో చెట్టెక్కి పారిపోవడం తప్ప పిల్లికి ఇంకో పనికి వ్యవధి ఉండదు కదా! ఆపద గట్టెక్కాక 'మిత్రమా, ఇక కలిసుందాం రా' అని పిల్లి పిలిచింది. ఎంత బతిమాలినా ఎలుక కలుగు దాటలేదు. అవసరం తీరిపోయింది, ఇక నేను నీకు ఆహారాన్నే కదా అంది.

ఆ పిల్లి మోసగత్తె అని కథలో ఎక్కడా లేదు. అది పిల్లి, అంతే.

కడుపు నిండితే మాత్రం...

'మా పిల్లికి రెండు పూటలా చేపా చికెనూ పెడతాం. దానికి ఎలుకను తినే ఖర్మేంటి?' అని అడుగుతారు. పిల్లి వేటకీ దాని ఆకలికీ సంబంధం తక్కువ. 1976లో ఆడమెక్ అనే శాస్త్రవేత్త పిల్లులకు ఎంతో ఇష్టమైన తిండి పెట్టి, తింటుండగా ఎలుకను వదిలాడు. పిల్లులు గిన్నె వదిలి వెళ్లి ఎలుకను చంపి, మళ్లీ వచ్చి గిన్నెలో తిండే తిన్నాయి. చూడటం, పొంచడం, ఉరకడం, పట్టడం, మెడ కొరకడం... దేనికదే ఓ కోరిక. గది మూల్లో బంతి దొర్లినా ఆ గొలుసు కదలడం మొదలవుతుంది.

మరి చిన్నప్పట్నుంచీ కలిపి పెంచితే? ఈ ప్రశ్నకు జవాబు వెతికినాయన చైనా మనస్తత్వ శాస్త్రవేత్త జింగ్ యాంగ్ కువో. ఆయన ప్రయోగం 1930లో అచ్చయింది. ఎలుకల్ని చంపడం చూస్తూ పెరిగిన 21 పిల్లికూనల్లో 18 తామూ ఎలుకల్ని చంపాయి. ఒంటరిగా పెరిగిన 20 కూనల్లో 9 చంపాయి, ఎవరూ నేర్పకుండానే. పసితనం నుంచీ ఎలుకతో ఒకే బోనులో పెరిగిన 18లో మాత్రం మూడే చంపాయి. ఆ మూడూ కూడా తమతో పెరిగిన ఎలుక జోలికి పోలేదు. బయటి ఎలుకల్ని చంపాయి.

దీన్ని బట్టి, అలవాటు చేస్తే మారుతుందని సంతోషించే వాళ్లున్నారు. కానీ లెక్క జాగ్రత్తగా చూడండి. మీ ఇంట్లో పిల్లికి నాలుగేళ్లు. హామ్‌స్టర్ వచ్చింది మొన్న శుక్రవారం. అవి కలిసి పెరగలేదు. పైగా కలిసి పెరిగినా ఆ స్నేహం ఆ ఒక్క ఎలుకకే పరిమితం. సిరియన్ హామ్‌స్టర్ ఆయుష్షు రెండు మూడేళ్లు. అది పోయాక పిల్లలు ఏడుస్తుంటే ఇంకోటి తెస్తారు. పిల్లి దృష్టిలో అది కొత్త ఎలుక!

కుక్కలేం తక్కువ తినలేదు. సోఫా మీద రిబ్బను కట్టుకుని కూర్చునే యార్క్‌షైర్ టెర్రియర్‌ను ఇంగ్లండులో బట్టల మిల్లుల్లో ఎలుకల్ని పట్టడానికే పెంచారు. ఉన్న చోటే గుండ్రంగా తిరిగే డాక్స్‌హుండ్ అసలు పని కలుగుల్లోకి దూరి వేటాడటం. ఆ పొట్టి కాళ్లు అందుకే. 1823లో లండన్‌లో బిల్లీ అనే కుక్క పందెంలో 100 ఎలుకల్ని అయిదున్నర నిమిషాల్లో చంపి పేరు తెచ్చుకుంది. ఒక్కో ఎలుకకు మూడు సెకన్లు పైచిలుకు. మీరు వంటింట్లోంచి 'ఏయ్' అని అరిచేలోపు అయిపోతుంది.

ల్యాబ్రడార్‌కూ పగ్‌కూ అంత వేట యావ ఉండకపోవచ్చు. ఆడుకుందామనే పంజా వేస్తాయి. కానీ ముప్ఫై కిలోల ల్యాబ్ సరదాగా వేసిన పంజా చాలు, గినీ పిగ్ వెన్ను విరగడానికి.

వాసనకే వణుకు

పంజా పడకపోతే చాలనుకోవడం సగం జాగ్రత్తే. 2010లో అమెరికా పరిశోధకులు ఓ ఆసక్తికరమైన సంగతి కనిపెట్టారు. పిల్లి లాలాజలంలో 'ఫెల్ డి 4' అనే ప్రొటీన్ ఉంటుంది. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకంతా అంటుకుంటుంది. ప్రయోగశాలలో పుట్టి, పిల్లి అనేదాన్ని జన్మలో చూడని చిట్టెలుకలు కూడా ఆ ప్రొటీన్ తగలగానే భయంతో బిగుసుకుపోయాయి. పెద్ద ఎలుకల మూత్రంలోని ప్రొటీన్‌కూ అలాగే జడిశాయి. కాబట్టి తెల్ల ఎలుకనూ చిట్టెలుకనూ కూడా ఒక గదిలో పెట్టకూడదు. అవి మనకు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, చిట్టెలుకకు అలా కనిపించవు.

అదే వాసనకు భయపడని ఎలుకలు కూడా ఉంటాయి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన ఎలుకలు పిల్లి వాసన వస్తే పారిపోవని 2000లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. ఆ పరాన్నజీవి గుడ్లు బయటికొచ్చేది పిల్లి మలంలోంచే. అందుకే పిల్లి లిట్టర్ ట్రే దగ్గరకు పంజరాన్నీ, పంజరంలో వేసే గడ్డినీ రానీయకూడదు.

వినికిడి ఇంకో తంటా. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దగ్గర ఆగిపోతుంది. కుక్క 45 వేల దాకా వింటుంది. పిల్లికి 60 వేలు దాటినా వినిపిస్తుంది. ఎలుకలు హుషారుగా ఉన్నప్పుడు 50 వేల దగ్గర, బెదిరినప్పుడు 22 వేల దగ్గర కిచకిచమంటాయి. అంటే బెడ్‌రూమ్‌లో మీ ఎలుక కిచకిచలు మీకు వినిపించవు, హాల్లో పిల్లికి వినిపిస్తాయి. అది తలుపు దగ్గరే ఎందుకు పడుకుంటుందో ఇప్పుడు అర్థమైందా!

భయం ఒంటికి ఏం చేస్తుందో చూడాలంటే గినీ పిగ్ చాలు. బెదిరితే తిండి మానేస్తుంది. దాని పేగులు ఆగకుండా పనిచేస్తూ ఉండాలి. ఓ పూటంతా గడ్డి ముట్టలేదంటే డాక్టరు దగ్గరకు పరుగెత్తాల్సిందే. హామ్‌స్టర్ అయితే కమ్మీలు కొరుకుతుంది, రాత్రిళ్లు కూడా గూడు వదలదు. బెదిరిన తల్లి హామ్‌స్టర్ సొంత పిల్లల్నే చంపుతుంది. ఇవాళ లోకంలో పెంపుడు సిరియన్ హామ్‌స్టర్లన్నిటికీ దాదాపు మూలం 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఇజ్రాయెల్ అహరోని అనే జంతు శాస్త్రవేత్త తవ్వి తీయించిన తల్లి, పిల్లలే. పెట్టెలో పెట్టగానే ఆ తల్లి చేసిన మొదటి పని దగ్గరికొచ్చిన పిల్లను కొరికి చంపడం.

కమ్మీలు కాదు, తలుపు

మరి ఏం చెయ్యాలి? పంజరానికీ పిల్లికీ మధ్య మూసిన తలుపు ఉండాలి. అసలు సంగతి ఇదే, మిగతావన్నీ దీని తరవాతే. పంజరం కమ్మీలు హామ్‌స్టర్‌ను లోపల ఉంచడానికి పెట్టినవి, పిల్లిని బయట ఉంచడానికి కాదు. కమ్మీల సందులోంచి పిల్లి వేలు దూరుతుంది, గోరు దూరుతుంది. పంజరం ఎక్కి కూర్చుంటే పైమూత వంగుతుంది. నేలమీంచి అయిదడుగులు అవలీలగా ఎగురుతుంది కాబట్టి బీరువా మీద పెట్టినా అంతే. అక్కణ్నుంచి పంజరం కింద పడితే పిల్లి చెయ్యాల్సిన పని నేలే చేసేస్తుంది.

పిల్లలు చదువుకునే గదో, పెద్దగా వాడని బెడ్‌రూమో దీనికి కేటాయించండి. తలుపు దానంతటదే మూసుకునేలా స్ప్రింగు బిగిస్తే నయం. చిన్నపిల్లలున్న ఇంట్లో తలుపు వెయ్యడం ఎప్పుడూ ఎవరో ఒకరు మర్చిపోతారు. గదిలోకి వెళ్లేటప్పుడు కాళ్ల సందులోంచి పిల్లి దూరడం మామూలే. లోపలికెళ్లగానే ముందు చూడాల్సింది హామ్‌స్టర్‌ను కాదు, మంచం కింద!

మన ఎండల సంగతి మర్చిపోతే ఈ ఏర్పాటు ఎదురు తిరుగుతుంది. గినీ పిగ్ పుట్టిల్లు దక్షిణ అమెరికా ఆండీస్ కొండలు. 26 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది. మేలో విజయవాడలోనో రామగుండంలోనో తలుపూ కిటికీ బిగించిన గదిలో పెట్టారంటే పిల్లి అక్కర్లేదు, వేడే చాలు ప్రాణం తీయడానికి. అందుకని చెక్క తలుపుకు తోడు గట్టి మెష్ డోర్ పెట్టించండి. నైలాన్ దోమతెర జాలీ కాదు, దాన్ని పిల్లి గోళ్లతో చీల్చేస్తుంది. స్టీలు జాలీ కావాలి. పంజరంలో ఓ చలువ రాయి పలక, గుడ్డ చుట్టిన ఐస్‌నీళ్ల సీసా ఉంచితే అవే వెళ్లి ఆనుకుని పడుకుంటాయి. మెష్ డోర్‌కు కింది సగం పాత దుప్పటి కట్టండి. గాలి పైనుంచి వస్తుంది, పిల్లి చూపు మాత్రం లోపలికి రాదు.

గాలికని బాల్కనీలో పెడదామనుకుంటారేమో, వద్దు. కాకులున్నాయి, వీధి పిల్లులున్నాయి. కొన్ని ఊళ్లలో కోతులు గడియ తీసేస్తాయి కూడా. నేల ఇళ్లయితే ఎలుక వాసనకు జెర్రిపోతు రావడం కొత్తేమీ కాదు.

ఇక పంజరం. డ్వార్ఫ్ హామ్‌స్టర్‌కూ చిట్టెలుకకూ కమ్మీల మధ్య పావు అంగుళం మించకూడదు. పెద్ద రకం సిరియన్ హామ్‌స్టర్‌కు అరంగుళం. తల దూరితే ఒళ్లంతా దూరినట్లే. కమ్మీల పంజరం కన్నా పాత అక్వేరియం తొట్టికి సన్న స్టీలు జాలీతో మూత చేయించుకోవడం మేలని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. పంజా దూరదు, వాసన తక్కువ, దొర్లించడం కష్టం. కిటికీ పక్కన మాత్రం పెట్టకండి, ఎండ పడితే గాజు తొట్టి కుంపటే. మూతకు నాలుగు వైపులా క్లిప్పులుండాలి. పంజరం తలుపుకొచ్చే తీగ గడియను కుక్క మూతితో ఎత్తేస్తుంది. తాళంచెవుల గుత్తికి వాడే స్ప్రింగు క్లిప్పు పెడితే తియ్యలేదు. లోపల దాక్కోవడానికి రెండు చోట్లయినా ఉండాలి. గినీ పిగ్‌లు జంటగా ఉంటేనే ధైర్యంగా ఉంటాయి కాబట్టి ఒక్కో దానికి ఒక్కో గూడు. సిరియన్ హామ్‌స్టర్‌కు మాత్రం తోడు వద్దు. రెంటిని కలిపారంటే ఇంట్లో పిల్లి లేకపోయినా రక్తపాతం తప్పదు.

బంతిలో హామ్‌స్టర్

హామ్‌స్టర్‌ను పారదర్శకమైన ప్లాస్టిక్ బంతిలో పెట్టి నేల మీద వదిలే సరదా ఒకటుంది. అందులో గాలి సరిగా ఆడదు, దారి కనిపించదు, గోడలకు కొట్టుకుంటుంది. కాళ్లు సందుల్లో ఇరుక్కుంటాయి. కుక్క ఉన్న ఇంట్లో అయితే చెప్పక్కర్లేదు. కుక్కకు చిన్నప్పట్నుంచీ మనం నేర్పిన ఆట ఏమిటి? బంతి దొర్లితే పట్టుకురావడం! ఆ బంతిని కొనకపోవడమే మంచిది. బయట తిప్పాలనుకుంటే బాత్‌టబ్ ఉన్నవాళ్లు అందులో వదలొచ్చు. లేనివాళ్లు గది తలుపేసి, మంచం చుట్టూ అట్టలు అడ్డం పెట్టి పక్కనే కూర్చోవాలి. పిల్లినీ కుక్కనీ ఇంకో గదిలో పెట్టి గడియ వేశాకే.

సాయంత్రం వేళ ఇంకో చిక్కు. హామ్‌స్టర్లు మసక చీకటి పడగానే లేస్తాయి. పిల్లులూ అప్పుడే హుషారవుతాయి. ఇంట్లో వాళ్లంతా టీవీ ముందుండే సమయం కూడా అదే. కాబట్టి సరిగ్గా ఆ వేళకు ముందే పిల్లితో ఆడండి. దారానికి ఈక కట్టి పది నిమిషాలు ఉరికించి, చివర్లో దానికి దొరకనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. దీనికి ఆధారం ఉంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 219 ఇళ్లలోని 355 పిల్లుల మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. రోజూ అయిదు పది నిమిషాలు ఆడించిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 25 శాతం తగ్గింది. మాంసం ఎక్కువున్న, ధాన్యం కలపని తిండి పెట్టిన ఇళ్లలో 36 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో మెడలో గంట కట్టిన పిల్లుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని తరతరాలుగా కొట్టుకున్న ఎలుకలకు ఈ సంగతి ఎవరు చెబుతారో!

అయినా పాతిక శాతం తగ్గిందంటే ముప్పాతిక శాతం మిగిలి ఉందనే అర్థం. ఆటతో తలుపు అవసరం తీరిపోదు.

కుక్కకు మాత్రం నేర్పితే కొంత వంటబడుతుంది. 'వదిలెయ్' అంటే వదిలెయ్యడం, చాప మీదకెళ్లి కూర్చోవడం... ఇవి బిస్కెట్‌తో మొదలుపెట్టి, బొమ్మతో సాధన చేయించి, చివర్న గొలుసు పట్టుకుని పంజరం దూరంగా కనిపించేలా కూర్చోబెట్టి నేర్పాలి. పంజరం వైపు చూసి మీ వైపు తల తిప్పితే మెచ్చుకుని తినుబండారం పెట్టండి. అలా కాకుండా బిగుసుకుపోయి అటే చూస్తున్నా, చొంగ కారుస్తున్నా, కుయ్‌కుయ్‌మంటున్నా ఆ రోజుకు పాఠం చాలు, బయటికి తీసుకెళ్లండి. బాగా నేర్చుకున్న కుక్కనైనా ఒంటరిగా ఆ గదిలో వదలకూడదు. అరుస్తూ కొట్టి నేర్పుదామనుకుంటే, పంజరం దగ్గర దెబ్బలు పడతాయని తెలుసుకుంటుంది. దాంతో మీరు లేనప్పుడు చూసుకుంటుంది.

ఒక్క గోటి గీత

ఇంత చేసినా ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. పిల్లి నోట్లోంచి హామ్‌స్టర్‌ను విడిపించారు. చూస్తే రక్తం లేదు, నడుస్తోంది, గింజ కూడా తింది. 'అమ్మయ్య, ఏం కాలేదు' అనుకుంటారు. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఎక్కువ పిల్లుల నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. సూదుల్లాంటి కోరలు దాన్ని చర్మం లోతుకు దింపుతాయి. బొచ్చు కింద సూదిమొనంత రంధ్రం కంటికి కనిపించదు. నూరు గ్రాముల ఒంట్లో ఆ విషం పాకడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి పిల్లి పన్ను తగిలిందన్న అనుమానం ఉన్నా, గోరు గీసుకున్నా, గాయం కనిపించకపోయినా ఆ రోజే వెటర్నరీ డాక్టరుకు చూపించాలి. మెత్తని గుడ్డ పరిచిన చిన్న అట్టపెట్టెకు చిల్లులు పొడిచి అందులో పెట్టండి. చీకటిగా, చప్పుడు లేకుండా ఉండాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో సుతారంగా అదిమిపట్టండి. పసుపూ మందు నీళ్లూ పూయకండి, నాకేస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వెయ్యొద్దు. బీరువా అరలో జ్వరానికి కొన్న అమాక్సిసిలిన్ స్ట్రిప్పు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. 'చిన్నపిల్లల సిరపే కదా, రెండు చుక్కలు' అనుకుంటారు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి గినీ పిగ్‌లకూ హామ్‌స్టర్లకూ నోటి ద్వారా ఇస్తే వాటి పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోయి, ప్రమాదకరమైనవి పెరిగిపోతాయి. పిల్లి నుంచి బతికిన ప్రాణి మందుతో పోతుంది. వీటికి పనికొచ్చే మందులు వేరే ఉన్నాయి. అవేమిటో, మోతాదెంతో డాక్టరే చెప్పాలి. ఆవులకూ కుక్కలకూ వైద్యం చేసేవారందరికీ హామ్‌స్టర్ వైద్యంలో అనుభవం ఉండదు కాబట్టి, ప్రాణిని కొనడానికి ముందే మీ ఊళ్లో చూసేదెవరో కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి.

విడిపించే హడావుడిలో మీ చేతికి పిల్లి పన్నో కుక్క పన్నో దిగితే దాన్నీ తేలిగ్గా తీసుకోకండి. సబ్బుతో పావుగంట కడిగి ఆస్పత్రికి వెళ్లాల్సిందే. రేబిస్ టీకాల సంగతి వాళ్లు చూస్తారు. కుక్కకూ పిల్లికీ ఏటా టీకాలు వేయించి ఉంటే సగం గుబులు తగ్గుతుంది.

కరవకుండా అంటుకునేవీ ఉన్నాయి. కుక్కల్లో దగ్గు తెప్పించే బోర్డెటెల్లా బ్యాక్టీరియా గినీ పిగ్‌కు సోకితే న్యుమోనియాతో పోతుంది. కుక్కకు మామూలు దగ్గే, గినీ పిగ్‌కు ప్రాణాంతకం. తామర అటూ ఇటూ పాకుతుంది. కుక్కను నిమిరి అదే చేత్తో గినీ పిగ్‌ను ఎత్తుకోకూడదు. చేతులు కడుక్కోవాలి, అటునుంచి వచ్చేటప్పుడూ కడుక్కోవాలి. ఎలుక వాసన అంటిన వేళ్లను పిల్లి కొరికితే తప్పు పిల్లిది కాదు! కుక్కకు పేలు, గోమార్ల కోసం వాడే చుక్కల మందు వీటికి వెయ్యకండి. అందులో ఉండే ఫిప్రోనిల్ కుందేళ్ల ప్రాణమే తీస్తుంది.

ఇంకో విచిత్రం. హాల్లో తెల్ల ఎలుకకు జీడిపప్పు పెడుతూ, వంటింట్లో నల్ల ఎలుకకు మందు పెట్టే ఇళ్లున్నాయి. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లికీ ప్రమాదమే. తప్పించుకున్న హామ్‌స్టర్‌కు ముందు దొరికేది స్టవ్ వెనక పెట్టిన ఆ మందు బిళ్లే. బుజ్జి ప్రాణులున్న ఇంట్లో ఎలుకల మందూ జిగురు అట్టలూ రెండూ ఉండకూడదు. బోను చాలు.

పంజరం ఖాళీ!

తప్పించుకోవడం వీటి వంశంలోనే ఉంది. అలెప్పో నుంచి తెచ్చిన ఆ మొదటి హామ్‌స్టర్లలో కొన్ని జెరూసలేంలో చెక్క పంజరం కొరికి ఉడాయించాయి. ఎలుక జాతి ముందు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి కదా, దేన్నో ఒకదాన్ని కొరకాల్సిందే.

పొద్దున్నే పంజరం ఖాళీగా కనిపిస్తే వెతకడం మొదలుపెట్టొద్దు. ముందు పిల్లినీ కుక్కనీ పట్టుకుని ఓ గదిలో వేసి గడియ పెట్టండి. ఆ గది మంచం కిందా, సందుల్లో చూసుకున్నాకే సుమా! తరవాత తలుపులన్నీ వేసి, కింది సందులకు గుడ్డలు కుక్కండి. వాషింగ్ మెషీన్ వెయ్యకండి, సోఫా జరపకండి. ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుంది, అక్కడ చూడండి. బీరువా కింద, గ్యాస్ బండ వెనక, బియ్యం డబ్బాల మధ్య చూడండి. దొరక్కపోతే రాత్రికి దీపాలార్పి ఒక్కో గదిలో లెక్కపెట్టి పది పొద్దుతిరుగుడు గింజలు పెట్టండి. చుట్టూ పల్చగా బియ్యప్పిండి చల్లండి. తెల్లారేసరికి ఏ గదిలో గింజలు తగ్గాయో, ముగ్గు మీద బుల్లి అడుగులు ఎటు వెళ్లాయో తెలిసిపోతుంది. మర్నాడు రాత్రి ఆ గదిలో ఓ లోతైన బకెట్ పెట్టి, అడుగున మెత్తటి గుడ్డా గింజలూ వేసి, పుస్తకాలతో పైదాకా మెట్లు కట్టండి. ఎక్కి దూకుతుంది, మళ్లీ పైకి రాలేదు.

ఒక్కటే గది ఉన్న ఇల్లు, దాంట్లోనే టెర్రియర్ కుక్క. అలాంటి చోటికి హామ్‌స్టర్‌ను తేకపోవడమే దానికి చేసే మేలు. పిల్లలు రెండు రోజులు అలుగుతారు. మూడో రోజుకు మర్చిపోతారు. పండగలకు ఇంటినిండా చుట్టాలొచ్చి తలుపులు ఎవరు తీస్తున్నారో ఎవరు వేస్తున్నారో తెలియని రోజుల్లో, గది ఉన్నవాళ్లు కూడా దానికి తాళం వేసుకోవాలి. దీపావళికైతే కుక్కా పిల్లీ గినీ పిగ్ మూడూ బెదిరిపోయి ఉంటాయి. ఆ రాత్రి ఎవరి గదిలో వాళ్లుండాలి.

ఏర్పాటు కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆ ప్రాణినే చూడండి. హామ్‌స్టర్ గూట్లోంచి వచ్చి పంజరం నట్టనడుమ కూర్చుని తీరిగ్గా ముఖం కడుక్కుంటుంటే భయం పోయినట్లే. తిండిని బుగ్గ సంచుల్లో కుక్కుకుని పరుగెత్తకుండా అక్కడే తింటుంది. గినీ పిగ్ అయితే ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి గంతులేస్తుంది, పేలాలు పేలినట్లు. ఫ్రిజ్ తలుపు చప్పుడు వినగానే కొత్తిమీర కోసం 'వీక్ వీక్' అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. దానికి మనలాగే సి విటమిన్ బయటి నుంచి అందాలి మరి.

ఆ అరుపు విని తలుపు కింది సందులోంచి పిల్లి పంజా ఒకటి లోపలికొచ్చి నేలంతా తడుముతుంటుంది. ఆ సందుకో పాత చీర ముక్క అడ్డం పెట్టండి.